అర్జీ రాయడం కూడా పాఠమే!

"సైన్సు వాడికి భాషతో పనేముందోయ్?" అనే మాట మన కారిడార్లలో రోజుకొక్కసారైనా వినబడుతుంది. అన్నవాళ్ళలో విద్యార్థులే కాదు, మనం గౌరవించే పెద్దలూ ఉన్నారు. ఈ మాట టర్కీ దేశంలో మాత్రం చెల్లదు. అక్కడ 1981లో వచ్చిన ఉన్నత విద్యా చట్టం (దాని నంబరు 2547) ప్రకారం యూనివర్సిటీలో చేరిన ప్రతివాడూ కనీసం రెండు సెమిస్టర్లు టర్కీ భాష చదివి తీరాలి. రేపు డాక్టరయ్యేవాడైనా, వంతెనలు కట్టేవాడైనా, మనలాగా టెస్ట్ ట్యూబులు కడుక్కునేవాడైనా సరే, మినహాయింపు లేదు.

ఈ సంగతి నాకు చెప్పింది మా హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన. స్కాలర్‌షిప్ వచ్చి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీకని ఇస్తాంబుల్ వెళ్ళాడు. వెళ్ళగానే లాబొరేటరీ తలుపు తీస్తారనుకుంటే, ముందు ఏడాదిపాటు భాష క్లాసులో కూర్చోబెట్టారట! పరాయి దేశాలవాళ్ళకు టర్కీ భాష నేర్పడానికి అంకారా యూనివర్సిటీ 1984లోనే ఒక కేంద్రం పెట్టింది. ఇప్పుడు అలాంటి కేంద్రాలు అక్కడ చాలా యూనివర్సిటీలలో ఉన్నాయి. సెలవుల్లో వచ్చినప్పుడు అన్న తన నోటుపుస్తకం చూపించాడు. రాత్రి పన్నెండింటిదాకా మా గదిలో అదే ముచ్చట.

నిజం చెప్పాలంటే ఆ భాష తెలుగువాడి కోసమే పుట్టిందా అనిపించింది. ఎవ్ అంటే ఇల్లు. ఎవ్‌లెర్ ఇళ్ళు. ఎవ్‌లెరిమిజ్ మా ఇళ్ళు. ఎవ్‌లెరిమిజ్‌దెన్ అంటే మా ఇళ్ళ నుంచి. బండికి బండి తగిలించినట్టు మాటకు మాట వెనక తగిలించుకుంటూ పోవడమే. క్రియ మనకులాగే చివర్న వస్తుంది. అచ్చులు కూడా ఒకదాని వెంట ఒకటి రంగు మార్చుకుంటాయి. ఇళ్ళకు 'లెర్' చేరితే గుర్రాలకు 'లర్' చేరి అత్‌లర్ అవుతుంది. మనం 'మనిషికి' అని 'మనకు' అనడం లేదూ? పులి పక్కన ఇంకో పులి చేరితే 'పులులు' కావడం లేదూ? అన్నింటికన్నా నన్ను ముచ్చటపెట్టింది 'మిష్'. గెల్ది అంటే వచ్చాడు. గెల్మిష్ అంటే వచ్చాడట! చెప్పేవాడు చూడలేదు, విన్నాడంతే. మన 'అట' చేసే పనంతా అది చేస్తుంది. ఇంతమాత్రాన రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళని భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు ఒప్పుకోరు. దూరపు ఊళ్ళలో ఒకే పోలికతో ఇద్దరు మనుషులు కనబడ్డట్టనుకోండి.

అయితే వాళ్ళ భాష కథంతా నల్లేరు మీద బండి నడక కాదు. 1928లో ఒక్క చట్టంతో అరబ్బీ లిపి తీసేసి లాటిన్ లిపి పెట్టారు. 1932లో భాషా సంఘం స్థాపించి అరబ్బీ, పారసీ మాటలను ఏరివేయడం మొదలుపెట్టారు. 1937లో అచ్చయిన ఒక చిన్న జామెట్రీ పుస్తకాన్ని అతాతుర్క్ స్వయంగా రాశాడు. దానిమీద తన పేరు వేసుకోలేదు. అంతకుముందు త్రిభుజాన్ని 'ముసెల్లెస్' అనేవారు. ఆయన 'ఉచ్‌గెన్' అన్నాడు. ఉచ్ అంటే మూడు. లెక్కలు చదివే పిల్లవాడికి అంకె చెవిన పడగానే బొమ్మ కళ్ళముందు కడుతుంది.

ఈ మాట మా పెద్దతాతతో చెప్పాను. తొంభైకి దగ్గర పడ్డాడు. నిజాం కాలపు బడిలో ఉర్దూలో చదువుకున్న మనిషి. ఒక్కసారి నవ్వి, "మాకూ ముసల్లసే చెప్పిన్రు బిడ్డా! బట్టీ పట్టినం. మూడు మూలల చెల్క అంటే అప్పుడే తెలిసిపోవు" అన్నాడు. ఆ రోజుల్లో, 1918లో స్థాపించిన ఉస్మానియాలో మెడిసిన్, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పేవారు. పుస్తకాలు తర్జుమా చేయడానికి ఒక సంస్థే పనిచేసింది. దేశభాషలో పెద్ద చదువు చెప్పవచ్చని నిరూపించిన ఘనకార్యం అది, కాదనను. కాని చెల్క దున్నేవాడి ఇంట్లో భాష అది కాదు గదా!

టర్కీలోనూ ఇదే చిక్కు. లిపి మారినందువల్ల తాత రాసిన ఉత్తరం మనుమడు చదవలేని స్థితి వచ్చింది. 1927లో అతాతుర్క్ ఆరు రోజులపాటు ఇచ్చిన మహోపన్యాసాన్ని తరవాతి తరాలకోసం మళ్ళీ తేలిక భాషలో రాయవలసి వచ్చింది. ఇక కుర్దు పిల్లల మాటేమిటి? వాళ్ళ ఇంటి భాష వేరు. 1983లో చేసిన ఒక చట్టం ఆ భాషను అణచిపెట్టింది. 1991లో గాని దాన్ని రద్దు చేయలేదు. నా రూమ్మేటు తండా నుంచి వచ్చినవాడు. ఇది విని, "మరి నాకు మీ తెలుగు కూడా అంతే కదరా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. నిర్బంధ పాఠం అనగానే చప్పట్లు కొట్టే మిత్రులు ఈ మాట కూడా చెవిన వేసుకోవాలి.

ఇన్ని చిక్కులున్నా ఆ రెండు సెమిస్టర్లలో వాళ్ళు చెప్పేది చూస్తే నాకు అసూయ కలిగింది. స్పెల్లింగూ, కామా, ఫుల్‌స్టాపూ అయ్యాక రిపోర్టు రాయడం, మీటింగు మినిట్స్ రాయడం, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, వాదించడం, అన్నింటితోపాటు 'దిలెక్చె' రాయడం ఉంటుంది. దిలెక్చె అంటే మన అర్జీ. కోరికను చెప్పే మాటలోంచి పుట్టించారు. పాతమాట 'అర్జుహాల్'. అందులో ఉన్నదీ మన అర్జీలో ఉన్నదీ ఒకే అరబ్బీ మాట. కోర్టుల దగ్గర టైపు మిషను ముందేసుకుని డబ్బుకు అర్జీలు రాసిపెట్టేవాళ్ళు అక్కడా ఉన్నారు. క్లాసులో చెప్పే సూత్రాలు కొన్నే: ఎవరికి రాస్తున్నావో పైన రాయి, నీకేం కావాలో సూటిగా చెప్పు, పేరూ చిరునామా రాసి సంతకం పెట్టు. పెద్ద అధికారికి రాస్తే చివర 'అర్జ్' అనాలి, కింది వాళ్ళకైతే 'రిజా' అనాలి. అక్కడి పిల్లలకు కూడా ఈ క్లాసంటే విసుగేనట, వెనక బెంచీల్లో నిద్రపోతారట. (ఆ విషయంలో రెండు దేశాలకూ తేడా లేదు!)

మనకూ ద్వితీయ భాష ఉంది. మార్కులకోసం సంస్కృతం పుచ్చుకున్నవాళ్ళు ఎందరో మీ క్లాసులో మీరే లెక్కపెట్టుకోండి. తెలుగు తీసుకున్న నాకు పద్యాలు ఇష్టమే, ఇప్పటికీ కొన్ని నోటికొస్తాయి. కాని ఇన్నేళ్ళ చదువులో అర్జీ రాయమని నన్ను ఎవరూ అడగలేదు, మా నాయిన తప్ప.

మా భూమి రెండెకరాల పదిహేను గుంటలు. పాసుపుస్తకంలో రెండెకరాల ఐదు గుంటలే పడింది. నాయిన ఆఫీసు బయట చెట్టుకింద కూర్చునే ఆయన చేత నూటయాభై రూపాయలిచ్చి అర్జీ రాయించాడు. పేజీ నిండా "తమరి దివ్యసముఖమునకు మిక్కిలి వినయముతో" వగైరాలు. పది గుంటల సంగతి చిట్టచివరి వాక్యంలో, అదీ సర్వే నంబరు లేకుండా. లోపల ఉన్నాయన పైపైన చూసి, "దీంట్ల నీకు కావాల్సిందేంది?" అని తిరగ్గొట్టాడు. నాయిన సంతకం పెట్టాడే గాని, అందులో ఏముందో ఆయనకూ తెలియదు.

"గింత సదివితివి, గీ కాయితం నువ్వే రాయరాదు బిడ్డా?" అన్నాడు ఇంటికొచ్చాక.

సీనియర్ అన్న నోటుపుస్తకంలో చూసిన పద్ధతిలో రాశాను. మొదటి వాక్యంలోనే సర్వే నంబరు, ఉండాల్సిన భూమి, పడ్డ భూమి. రెండో వాక్యంలో సరిచేయమన్న కోరిక. జతపరచిన కాగితాలేమిటో మూడో వాక్యంలో. రాసింది నాయినకు చదివి వినిపించాను. 'విస్తీర్ణం' దగ్గర ఆపి, "భూమి అను" అన్నాడు. అలాగే మార్చాను. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి నేను చదవకముందే తానే వాక్యాలు అప్పజెప్పి, "ఇగ నేనే చెప్పుకుంట, నువ్వు రావద్దు, క్లాసు పోగొట్టుకోకు" అన్నాడు. ఒక్కడే వెళ్ళి, ఇచ్చి, రసీదు తెచ్చుకున్నాడు. దాన్ని మడిచి పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు.

టర్కీలో అర్జీల హక్కుకు కూడా 1984లో ఒక చట్టం చేశారు. ఇప్పుడున్న దాని ప్రకారం ముప్పై రోజుల్లోగా కారణాలతో సహా జవాబివ్వాలి. జవాబును వాళ్ళు 'జెవాప్' అంటారు. మా నాయిన అర్జీ ఇచ్చి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు.