పచ్చ మీట

మార్కాపురం అనగానే తెలుగువారికి పలక జ్ఞాపకం వస్తుంది. ఇక్కడి గనులలో దొరికే రాతిని పొరలు పొరలుగా చీల్చి, నునుపుచేసి, చట్రం బిగించిన పలకల మీద ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దుకొన్నారు. పలకరాతికి మరొక గుణం కూడా ఉంది. అది విద్యుత్తును తన గుండా పోనీయదు, వేడికి కాలదు. అందువల్ల విద్యుద్దీపాలు వెలిగిన తొలినాళ్లలో పాశ్చాత్య దేశాల విద్యుత్కేంద్రాలలో మీటలు బిగించే బల్లలను పలకరాతితోను, చలువరాతితోను తయారుచేసేవారు. ఓనమాలు దిద్దే రాయి ఆ విధంగా విద్యుత్తుకు కాపలా కాసింది.

ఒక పనికి పుట్టిన వస్తువును వేరొక పనికి మళ్లించే ఈ నేర్పునే ఆంగ్లంలో హ్యాకింగ్ అన్నారు. నేడు ఆ మాట వింటే బ్యాంకు ఖాతాలు దోచే దొంగలు గుర్తుకు వస్తారు గాని, దాని పుట్టుక అటువంటిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో ఏర్పడిన బొమ్మరైళ్ల సంఘంవారు టెలిఫోను ఎక్స్ఛేంజీల పాత సామగ్రిని తెచ్చి, దానితో తమ రైళ్లను నడిపించారు. 1950ల చివరలో ఆ విద్యార్థుల నోట నలిగిన మాట తరువాత కంప్యూటర్లకు అంటుకొంది. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా చదివాను. అప్పటికే మా మేనమామ పొలంలో ఫోనుతో నీటిమోటారు తిరగడం చూసి ఉన్నాను.

మామది గిద్దలూరు సమీపంలోని పల్లె. నల్లమల అంచున ఉన్నా వాన నమ్మకం లేని నేల అది. కంభం చెరువు కింది ఆయకట్టువారి అదృష్టం అందరికీ లేదు. మిగిలినవారికి బోరుబావే దిక్కు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అయితే అది వంతులవారీగా, తరచు అర్ధరాత్రి వచ్చేది. మామ టార్చిలైటు, చేతికర్ర పట్టుకొని చీకట్లో పొలానికి నడిచేవాడు. ఒక వానాకాలం రాత్రి పక్కపొలం రైతు అలాగే వెళ్లి, పాముకాటుకు గురై, తెల్లవారేసరికి కన్నుమూశాడు. ఆనాటి నుండి మామ తిరిగి వచ్చేదాకా అత్త నిద్రపోయేది కాదు.

చాలామంది రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకొన్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. సుఖమే, కాని ఊరి మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తాళలేదు. అది కాలిపోతే ఊరంతా పైర్లు ఎండవలసిందే. బోరులో నీరు లేని వేళ మోటారు వట్టినే తిరిగి కాలిపోయే ప్రమాదం వేరే ఉంది.

మార్కాపురంలో రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసే పెద్దాయన ఒకరు 2008 ప్రాంతంలో దీనికి ఉపాయం చెప్పారు. పాత ఫోనును విప్పి, పిలుపు వచ్చినప్పుడు దానిని గజగజలాడించే చిన్న మోటారును తీసివేశారు. దానికి అందే కొద్దిపాటి విద్యుత్తును ట్రాన్సిస్టరు ద్వారా ఒక రిలేకు కలిపారు. రిలే కాళ్లను స్టార్టరులోని పచ్చ మీటకు జోడించారు. పచ్చ మీటను ఒక్కసారి నొక్కితే చాలు. లోపలి కాంటాక్టరు తన్నుతానే పట్టుకొని ఉంటుంది. ఫోను పదిసార్లు వణికినా నష్టం లేదు. మిస్డ్ కాల్ గనుక ఖర్చు కూడా లేదు. రిలే నడుమ ఉండడం వల్ల 415 వోల్టుల విద్యుత్తు ఫోనును తాకదు. ఆ పెట్టెను ఫ్యూజులు తీయకుండా ఆయన ఏనాడూ తెరిచేవారు కారు.

“ఎవరో పొరపాటున పిలిచినా నా మోటారు తిరుగుతుందా అయ్యా?” అని మామ అడిగాడు. తిరిగింది కూడా. ఏవో పథకాలు అమ్మజూపే పిలుపులకు రెండుసార్లు మడి తడిసింది! పైగా ఆపాలంటే ఎర్ర మీట దగ్గరకు నడవక తప్పలేదు.

పెద్దాయన మళ్లీ కూర్చున్నారు. ఫోనులో అంకె నొక్కినప్పుడు వినిపించే కూత నిజానికి రెండు స్వరాల కలయిక. 1 నొక్కితే 697, 1209 హెర్ట్జుల స్వరాలు కలిసి వెలువడుతాయి. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క జంట. ఆ జంటను గుర్తుపట్టే ఎం.టి.8870 అనే చిన్న చిప్పును ఇయర్‌ఫోను తీగకు కలిపి, పిలుపును ఫోను తానే అందుకొనేటట్లు అమర్చారు. 1 నొక్కితే మోటారు లేస్తుంది, 2 నొక్కితే ఆగుతుంది. ఊరకే వచ్చిన పిలుపుకు ఏదీ కదలదు. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు ‘నానో గణేశ్’ పేరుతో రైతులకు ఇటువంటి సాధనాన్నే అందించారని తరువాత తెలిసింది. నేడు మొబైల్ స్టార్టర్లు అంగళ్లలో తయారుగా లభిస్తున్నాయి. కాని మైకు విషయంలో మా పెద్దాయన చేసిన పని నాకు అన్నింటికంటె ఇష్టం.

ఇయర్‌ఫోను తీగకున్న మైకును ఆయన కోసివేయలేదు. దానిని పొడిగించి, వానకు తడవకుండా గొట్టంలో పెట్టి, నీటితొట్టి పక్కన కట్టించారు. బోరు మోటారు భూమి అడుగున ఉంటుంది గనుక దాని చప్పుడు పైకి వినిపించదు. తొట్టిలో పడే ధార చప్పుడు వినిపిస్తుంది. మొదటి రాత్రి ఒంటిగంటకు మామ మంచం మీదనే ఫోను చెవికి ఆనించుకొని 1 నొక్కాడు. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఫోనును అత్త చేతికిచ్చి, “నీళ్లు పడతన్నాయి, విను” అన్నాడు.