చివరి పందెం

పోకర్ ఆటలో అయిదవ ముక్క బల్లపై పరచిన తరువాత అదృష్టానికి పని లేదు. మిగిలేది మనిషి నిర్ణయమే. సెలవురోజులలో మేము ఇంటివద్ద చింతగింజలతో పిల్లలకు ఈ లెక్క నేర్పుతుంటాము.

కుప్పలో 100 గింజలున్నవి. ఎదుటివారు మరో 100 ఒడ్డినారు. మనమూ 100 వేసి గెలిస్తే మొత్తం 300 మనవే. కనుక మూడింట ఒకసారైనా గెలుస్తామనుకుంటేనే నిలవాలి. వారు 50 మాత్రమే ఒడ్డితే నాలుగింట ఒకసారి చాలు. ఒడ్డేవారికీ లెక్క ఉన్నది: 100కు 100 ఒడ్డేటప్పుడు రెండు మంచి చేతులకు ఒక బుకాయింపు చొప్పున కలపాలి. బుకాయింపు సైతం గణితమేనని 1944లో వాన్ న్యూమన్, మోర్గెన్‌స్టెర్న్‌లు తమ గ్రంథంలో చూపినారు.

ఈ లెక్కలో మనం ఇదివరకు వేసిన గింజలకు చోటు లేదు, అవి కుప్పవే. ‘ఇంత పెట్టాము గదా’ అనే మమకారమే కొంపలు ముంచుతుంది. మా బంధువుల అబ్బాయి ఒకడు సెల్‌ఫోను ఆటలో జీతం పోగొట్టుకొని, దానిని రాబట్టుకొనుటకు అప్పు చేసినాడు. డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసినది. మంచిదే. అయితే ముక్కలు బోర్లించి లేచే నిబ్బరాన్ని పిల్లలకు మనమే అలవరచాలి.