మైక్రోవేవ్‌కి ‘అన్‌డూ’ బటన్ ఉండదు

హైదరాబాద్‌లో ముగ్గురు బ్యాచిలర్లు ఉండే ఫ్లాట్‌లో ఎక్కువ డ్యూటీ చేసేది ఎవరో తెలుసా? మైక్రోవేవ్ ఓవెన్. రాత్రి మిగిలిన బిర్యానీ, నిన్నటి పప్పు, చల్లారిపోయిన కాఫీ... అన్నీ దాని నెత్తినే. పనిచేసినన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. పాడైతే మాత్రం ఇంట్లో ఉన్న ఇంజినీర్లందరూ ఒకేసారి నిద్ర లేస్తారు.

మా కొండాపూర్ ఫ్లాట్‌లో అదే జరిగింది. మా రూమ్మేట్‌కి ఒక అలవాటు ఉంది. టైమర్‌లో ఇంకా పది సెకన్లు ఉండగానే తలుపు లాగేస్తాడు. ఒక రాత్రి అలాగే లాగాడు. లోపల ‘టప్’మని చిన్న చప్పుడు. లైటు పోయింది, డిస్‌ప్లే పోయింది. ఇంకో ప్లగ్ పాయింట్‌లో పెట్టినా లేవలేదు. ఐదు నిమిషాల్లో వాడు యూట్యూబ్‌లో వీడియో పట్టాడు, స్క్రూ డ్రైవర్ కూడా తెచ్చాడు. “ఫ్యూజే మామా. ప్లగ్ పీకేశా కదా, ఇంక షాక్ ఎక్కడ కొడుతుంది?” అన్నాడు.

అసలు ప్రమాదం ఆ ప్రశ్నలోనే ఉంది. ఇస్త్రీ పెట్టెకైనా, మిక్సీకైనా ప్లగ్ పీకితే దాదాపు కథ అయిపోయినట్టే. ఓవెన్ అలా కాదు. మన ఇంటికి వచ్చే 230 వోల్టులు దానికి చాలవు. మైక్రోవేవ్స్‌ని పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగానికి వేల వోల్టులు కావాలి. అందుకే లోపల ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పక్కనే ఒక కెపాసిటర్ ఉంటాయి. ఆ కెపాసిటర్ 2,000 వోల్టులకు పైనే ఛార్జ్ అవుతుంది. ప్లగ్ తీశాక ఆ ఛార్జ్ మెల్లగా కరిగిపోవడానికి అందులో ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. అది చెడిపోయి ఉంటే? ఛార్జ్ అలాగే కూర్చుని ఉంటుంది, వేలు తగిలేదాకా. ప్రాణం పోవచ్చు కూడా. నేను చదివింది ఈసీఈ, చేసేది జావా. అయినా ఇదొక్కటీ ల్యాబ్‌లో మా సార్ తిట్టి మరీ నేర్పించారు కాబట్టి గుర్తుంది. వాడి చేతిలోంచి స్క్రూ డ్రైవర్ లాక్కున్నా. వాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మర్నాడు వచ్చిన మెకానిక్ ఇంకా గొప్పవాడు. “ఫ్యూజ్ ఎందుకు సార్, డైరెక్ట్ వైర్ వేసేస్తా. ఇంక జన్మలో పోదు” అన్నాడు. వద్దని పంపించేశా. ఎందుకంటే తలుపు తీసినప్పుడు ఫ్యూజ్ పోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. తలుపు దగ్గర సాధారణంగా మూడు చిన్న స్విచ్‌లు ఉంటాయి. మొదటి రెండూ తలుపు తీయగానే కరెంటు ఆపాలి. మూడోది వాటికి కాపలా. అవి అతుక్కుపోయి కరెంటు ఆపకపోతే, ఇది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజ్‌ని కాల్చేస్తుంది. అంటే ఓవెన్ మనల్ని కాపాడటానికి తనే ఉరేసుకుందన్నమాట. మన కోడ్‌లో ఎర్రర్ రాగానే ప్రోగ్రామ్ ఆగిపోయినట్టు. ఆ ఫ్యూజ్ చోట రాగి వైరు చుట్టడమంటే ఆ ఎర్రర్ మెసేజ్‌ని డిలీట్ చేయడమే. బగ్ ఎక్కడికీ పోదు.

రెండో మెకానిక్ కాస్త పెద్దాయన. కవర్ తీయగానే మాట్లాడకుండా ముందు కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేశాడు. తర్వాత స్విచ్‌లు ఒక్కొక్కటీ మీటర్‌తో చూశాడు. ఒకటి అతుక్కుపోయింది. స్విచ్ మార్చి, అదే రేటింగ్ ఫ్యూజ్ వేసి, “బాబూ, మధ్యలో ఆపాలంటే స్టాప్ నొక్కి అప్పుడు తలుపు తీయండి” అన్నాడు. మా వాడు అప్పటి నుంచి స్టాప్ నొక్కుతున్నాడు. నా మాట మీద కాదు, బిల్లు మీద గౌరవంతో.

కవర్ విప్పకుండా మనం చూసుకోగలిగినవీ ఉన్నాయి. లైటు వెలుగుతోంది, ప్లేటు తిరుగుతోంది, అన్నం మాత్రం వేడెక్కట్లేదు అనుకోండి. గాజు గిన్నెలో లీటరు నీళ్లు పోసి ఫుల్ పవర్‌లో ఒక నిమిషం పెట్టండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు 700 వాట్లు అందుతున్నట్టు. ఏమీ పెరగకపోతే రోగం కవర్ వెనకే ఉంది, మెకానిక్‌ని పిలవాల్సిందే. సాయంత్రం పూట మాత్రమే నెమ్మదిగా వేడెక్కుతుంటే ఓవెన్‌ని తిట్టకండి, లో వోల్టేజ్ కావచ్చు.

నిప్పురవ్వలు వస్తుంటే ముందు లోపలి గోడ చూడండి. సాధారణంగా కుడివైపు అట్టముక్క లాంటి పలక ఉంటుంది. చాలామంది దాన్ని ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేస్తారు. అది మైకా, అంటే మన అభ్రకం. గూడూరు చుట్టుపక్కల గనుల వల్ల మనకి బాగా తెలిసిన కాకిబంగారం. దాని మీద పప్పో కూరో చింది మాడితే అక్కడే చిటపటలు మొదలవుతాయి. ప్లగ్ తీసి తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. కాలి చిల్లు పడితే మాత్రం మార్పించాలి, అప్పటిదాకా వాడకూడదు. పార్సిల్ మీది ఫాయిల్, అంచుకి వెండి గీత ఉన్న ప్లేట్లు కూడా రవ్వలు రాల్చేవే. ఒకవేళ లోపల మంట లేస్తే తలుపు తీయకండి. గోడ దగ్గర స్విచ్ ఆపి ఉండండి. గాలి అందక అదే చల్లారుతుంది.

కోడిగుడ్డు పులుసు సంగతి వేరే చెప్పాలి. ఉడికిన గుడ్డే కదా అని అలాగే పెడితే లోపల ఆవిరి బయటికి దారి లేక పేలుతుంది. ఒక్కోసారి ఓవెన్‌లో కాదు, స్పూన్ పెట్టినప్పుడు మొహం మీద. ముందే రెండు ముక్కలు చేయండి.

అద్దె ఇళ్లలో ఇంకో గొడవ, ప్లగ్. కన్వెక్షన్ ఉన్న ఓవెన్ 2,000 వాట్ల పైన లాగొచ్చు, అంటే దగ్గర దగ్గర 9 ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్లు గుచ్చుకునే ఎక్స్‌టెన్షన్ బాక్స్ దానికి కరిగిపోతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ లేకపోతే ఓనర్‌ని అడగండి. ఏసీకి అడుగుతాం కదా, దీనికీ అంతే.

మొన్న విజయవాడ నుంచి అమ్మ వచ్చింది. ఓవెన్ ఆన్ చేస్తే హాల్లోకి వెళ్లి నిలబడేది. “రేడియేషన్ రా నాన్నా, నువ్వూ ఇటు రా” అని పిలిచేది. ఫోన్ లోపల పెట్టి కాల్ చేస్తే రింగైన వీడియో ఎవరో వాట్సాప్‌లో పంపారట. ఫోన్ అతి బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టేస్తుంది, అది మోగినంత మాత్రాన ఓవెన్ లీకవుతున్నట్టు కాదని చెప్పా. తలుపు అద్దంలోని జాలీ చూపించా. మైక్రోవేవ్ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు, ఆ చిన్న చిన్న చిల్లుల్లోంచి అది దూరి రాలేదు. తలుపు వంగినా, గొళ్లెం విరిగినా అప్పుడు వాడటం ఆపేయాలి. ఆపాక లోపల ఏ కిరణాలూ మిగలవు, బల్బు ఆర్పాక వెలుగు మిగలనట్టే.

నమ్మకం కుదిరిందో లేదో గానీ, ఒక అప్పడం తెచ్చి ఇచ్చింది. ఆ రోజు పనిమనిషి కడిగి పెట్టిన చక్రాల రింగు సరిగ్గా కూర్చోక ప్లేటు తిరగలేదు. అప్పడం నాలుగైదు చోట్లే పొంగింది, మిగతా అంతా పచ్చి. ఓవెన్‌లో వేడి అంతటా ఒకేలా ఉండదు, ప్లేటు తిరిగేది అందుకే. పాపాయి పాలు వేడిచేస్తే బాగా కలిపి చూసి పట్టాలనేదీ అందుకే. రింగు సరిచేసి రెండోది పెట్టా. మొత్తం పొంగింది. అమ్మ తిని, “బానే ఉంది గానీ నూనెలో వేయించిన రుచి రాదులే” అంటూ కాఫీకి పాలు పెట్టడానికి పొయ్యి వెలిగించింది.