గనులు మూసిన ఊళ్ళో ఒక ఇల్లు

తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగుళూరు వచ్చే రైళ్ళలో నిలబడడానికి కూడా చోటుండదు. అదే సమయంలో ఎదురు దిశలో వెళ్ళే బండిలో మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. బంగారుపేట జంక్షన్‌లో దిగి, ఓపిక ఉంటే అక్కడి రంగు లేని పానీపూరీ కూడా రుచి చూసి, 1894లో వేసిన చిన్న మార్గం మీదికి మళ్ళాలి. కోరమాండల్, ఊరుగాం, చాంపియన్ స్టేషన్లు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. కిటికీలోంచి కనిపించే బూడిదరంగు గుట్టలు కొండలు కావు. రాయిని పిండి చేసి బంగారం లాగేసుకున్నాక మిగిలిన సయనైడు దిబ్బలు. గాలి వీస్తే ఆ పిండి ఇళ్ళలోకి వస్తుంది.

ఈ గనుల చరిత్ర చాలామందికి తెలిసినదే. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది, 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్వారు, 1956లో జాతీయం చేశారు, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. 2018లో సినిమా వచ్చాక మన పిల్లలకు ఈ ఊరి పేరు వేరే విధంగా తెలిసింది, అది వేరే సంగతి. నేను ఈ వేసవిలో వెళ్ళింది ఒక మనిషి కోసం.

1997 నుంచి నాలుగేళ్ళు రాబర్ట్‌సన్‌పేటలో ఒక బ్యాంకు శాఖలో పనిచేశాను. పింఛను రోజుల్లో హాలంతా గని కార్మికులతో నిండిపోయేది. వారిలో ఒక పెద్దాయన ఉండేవాడు. తాతల కాలంలో చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. గనిలో దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. ఎప్పుడూ కొడుకును వెంటబెట్టుకుని వచ్చేవాడు. కొడుకుకు అప్పటికి పాతికేళ్ళు. బుద్ధి మాత్రం ఆరేళ్ళ పిల్లవాడిదని అందరూ అనేవారు. ఇలా వయసుతో కొలవడం నిపుణులు ఇప్పుడు ఒప్పుకోరు. పాతికేళ్ళ మనిషికి పాతికేళ్ళ అభిమానమే ఉంటుంది కదా! అంకెలు చదవడం రాకపోయినా, ఏ ఇత్తడి టోకెను ఏ తాతదో అతను ఎన్నడూ పొరబడేవాడు కాదు. పిలుపు వినపడని ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గరికి తెచ్చేవాడు. మా క్యాషియరు అతని కోసం రోజూ ఒక బిళ్ళ చాక్లెట్టు డ్రాయరులో ఉంచేవాడు.

ఆ రోజుల్లో అతనికి వేరే హోము అక్కర లేకపోయింది. గని లైన్లే అతని హోము. ఒకే గోడ పంచుకున్న వరుస ఇళ్ళు, ఒకే కొళాయి. రోజుకు మూడు షిఫ్టులకు సైరను కూసేది. ఆ కూతే అతని గడియారం. కూత వినగానే తండ్రికి క్యారియరు తీసుకెళ్ళడం నేర్చుకున్నాడు, తండ్రి రిటైరయ్యాక పక్కింటివాళ్ళకు తీసుకెళ్ళేవాడు. టీ అంగడిలో గ్లాసులు కడిగితే రెండు బన్నులు ఇచ్చేవారు. అన్నీ బాగుండేవని కాదు. ఏడిపించే కుర్రవాళ్ళు ఉండేవారు. మూర్ఛ వస్తే చేతిలో ఇనుప తాళం పెట్టడమే వైద్యం. ఇలాంటి ఆడపిల్లలైతే గడప దాటేవారే కాదు, అసలు ఇంట్లో ఉన్నారని కూడా చాలామందికి తెలిసేది కాదు.

గనులు మూశాక సైరను ఆగింది. ఇరుగుపొరుగు వాళ్ళు చీకటితో రైలెక్కి బెంగుళూరు వెళ్ళి మళ్ళీ చీకటి పడ్డాకే వచ్చేవారు. పగలంతా లైనులో ముసలివాళ్ళు, అతను. తరువాత పెద్దాయన పోయాడు. నాకు బదిలీ అయిన చాలా ఏళ్ళకు ఒకసారి వాళ్ళింటికి వెళ్తే తల్లి అడిగింది: "నేను పోయినాక వీన్ని ఎవురు చూస్తారు సామీ?"

ఈ ప్రశ్న పూర్వం ఇంతగా లేదు. మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామంది చిన్న వయసులోనే పోయేవారు. ఇప్పుడు మందులు మెరుగై యాభై, అరవై దాకా బతుకుతున్నారు, తల్లిదండ్రుల తరువాత కూడా బతుకుతున్నారు. డౌన్ సిండ్రోము ఉన్నవారికైతే నలభై, యాభైలలోనే మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మన దగ్గర ఏర్పాట్లు ఎక్కువగా పిల్లలకే. 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ వచ్చిన తరువాత ప్రత్యేక పాఠశాలలు, శిక్షణ పొందిన టీచర్లు పెరిగారు. 1995లో తల్లిదండ్రుల సంఘాలు 'పరివార్' పేరుతో ఒకటయ్యాయి. పద్దెనిమిది దాటినవారు రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నదానికి మాత్రం చోట్లు తక్కువ.

అసలు చోట్లే లేవని కాదు. బెంగుళూరులో 1970లోనే ఆశా నికేతన్ వెలిసింది. ఫ్రాన్సులో జాన్ వానియే 1964లో మొదలుపెట్టిన లార్ష్ సంస్థకు మన దేశంలో అదే తొలి ఇల్లు. వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే కప్పు కింద ఉండి, ఒకే వంట తినాలన్నది వారి పద్ధతి. ఆ వానియే కొందరు స్త్రీలను లైంగికంగా లోబరచుకున్నాడని 2020లో ఆ సంస్థే విచారణ చేయించి ప్రకటించింది. వారు వైకల్యం ఉన్నవారు కారు. అయినా నాకు ఒకటి తోస్తుంది. ఇలాంటి చోట్ల స్థాపకుడి ఫోటోకు దండ ఎంత పెద్దదని కాదు, తలుపు ఎంత తెరిచి ఉందని చూడాలి.

ఆ తల్లి ప్రశ్నకు చివరికి దొరికిన జవాబు కె.జి.యఫ్. నుంచి ముళబాగిలు వెళ్ళే బస్సు దారిలో ఉంది. పాలారు నీళ్ళను ఒకప్పుడు గనులకు పంపిన బేతమంగళ చెరువు దాటాక, మామిడి తోటల మధ్య ఒక పాత పెంకుటిల్లు, దాని పక్కన కొత్త గదులు. పేరు రాయవద్దని నడిపేవారే కోరారు. చోటు ఖాళీ లేదని చెప్పీ చెప్పీ అలసిపోయారట. ఇరవైమందికి పైగా ఉన్నారు. ఆడవారి విభాగానికి వేరే వాకిలి, రాత్రి కాపలా కూడా స్త్రీయే.

నేను వెళ్ళేసరికి వరండాలో టొమాటోలు రాశిపోసి ఉన్నాయి. కోలారు మార్కెట్టుకు పంపేముందు చుట్టుపక్కల రైతులు ఇక్కడ ఏరిస్తారు. ఎర్రవి ఒక బుట్టలో, దోరవి ఒక బుట్టలో, దెబ్బ తగిలినవి వేరే. మా టోకెన్ల అబ్బాయి, ఇప్పుడు యాభై దాటిన మనిషి, దోరవాటి దగ్గర కూర్చున్నాడు. తల నెరిసింది. పని మధ్యలో పలకరిస్తే ఒప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాడు. పదకొండింటికి ఒక గంట కొట్టారు. అప్పుడు లేచి చేతులు కడుక్కుని, నా చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి తీసుకెళ్ళాడు. గంట ఎందుకని అడిగితే నిర్వాహకురాలు నవ్వారు. "ఇతను వచ్చిన కొత్తలో వేళ తెలియక అల్లాడిపోయేవాడండీ. వాళ్ళమ్మ సైరను సంగతి చెప్పింది. అప్పుడు పెట్టాం."

ఈ ఒక్క మాటతో ఆ ఇల్లు నాకు నచ్చింది. స్నానానికి ఎవరి తువాలు వారిది, ఎవరి కొక్కెం వారిది. చదవలేనివారికి కొక్కెం మీద బొమ్మ: చిలుక, బస్సు, మామిడికాయ. మూర్ఛ మాత్రలకు ఒక పుస్తకం, వేసినవారి సంతకం. ఏరిన కూలి ఎవరి ఖాతాలో వారికే పడుతుంది. లోట్లూ ఉన్నాయి. ఆయాలు నిలవరు. నరసాపుర ఫ్యాక్టరీలలో జీతం ఎక్కువ, రాత్రి లేచి పక్కబట్టలు మార్చే పని ఉండదు. ఒక ఆయా మారితే నెలరోజులు అన్నం సరిగా తినని మనిషి ఒకామె ఉందట. ఇంకొక బాధ కూడా చెప్పారు. డబ్బు టంచనుగా పంపి, ఏళ్ళ తరబడి ముఖం చూపించని అన్నదమ్ములున్నారు. అమెరికా వాళ్ళూ ఉన్నారు, ముప్పై మైళ్ళ దూరంవాళ్ళూ ఉన్నారు.

ఇక నా వృత్తి సంగతి. తల్లిదండ్రులు సాధారణంగా చేసేది ఇల్లు పెద్దకొడుకు పేర రాసి "తమ్ముణ్ణి చూసుకో నాయనా" అనడం. అది మాటే, కాగితం కాదు. పద్దెనిమిది దాటిన తరువాత తల్లి కూడా చట్టరీత్యా తనంతట తాను గార్డియన్ కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఉంది. జిల్లాధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కలిసిన స్థానిక కమిటీకి అర్జీ పెడితే గార్డియన్‌ను నియమిస్తారు. ఆ సర్టిఫికెట్టు మీద ఖాతా నడపనివ్వమని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. అయినా కౌంటరులో కోర్టు ఉత్తర్వు తెమ్మనేవారు ఇంకా తగులుతారు. వారికి ఆ సర్క్యులరు చూపించండి, వాదించకండి. భవిష్యనిధి 1995 పింఛను పథకంలో, సభ్యుడు పోతే పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో పని లేకుండా పింఛను ఉంది. తండ్రి బతికి ఉండగానే వైద్య ధ్రువపత్రం తీసి పెట్టుకుంటే తరువాత తిప్పలు తక్కువ.

ఈ అబ్బాయికి తల్లి ఉండగానే చెల్లెల్ని గార్డియన్‌గా వేయించారు. ఆమె కృష్ణరాజపురంలో ఉంటుంది, బట్టల ఫ్యాక్టరీలో పని. నన్ను రమ్మన్నది కూడా ఆమే. నియామకమైన ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఆ తరువాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా లెక్క ఇవ్వాలి. "లెక్కంటే భయమన్నా," అంది. జూన్ ఆఖరు దాకా గడువుంది. సంగటి, బస్సారు తిన్నాక ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. మందులు, చొక్కాలు రెండు, క్షవరం పన్నెండు సార్లు, ఊరికి పోయి రావడానికి బస్సు చార్జీ. అతను ఒక్కొక్క రసీదూ చూసి నాకు అందించాడు. టీ అంగడిది అందించే ముందు కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.