అమ్మ చెప్పిన సున్నిపిండి కొలత



మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం. అరక్కోణం రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్లూ వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. శనివారం తలంటికి అమ్మ చేసే సున్నిపిండే మాకు సబ్బు. రిటైరయ్యాక మేమే చేద్దామనుకుంటే కొలత తెలియదు. అంగట్లో ఆవారంపూ అని అడిగాం, తంగేడుపువ్వు అన్న మాటే నోటికి రాలేదు.

మొదటిసారి చేసింది నెల తిరక్కుండానే పురుగు పట్టింది. అమ్మకి 88 ఏళ్లు, మా పేర్లు కూడా మరిచిపోతోంది. డబ్బా ముక్కు దగ్గర పెడితే మాత్రం "ఎండ చాల్లేదురా" అంది. మెల్లగా కొలత కూడా చెప్పింది: కిలో పచ్చపెసలకి పావుకిలో శనగపప్పు, 100 గ్రాములు ఎండు తంగేడుపువ్వు, 50 గ్రాములు కస్తూరి పసుపు, గుప్పెడు వట్టివేరు. మగపిల్లలకైతే పసుపు వద్దు. గలగలమనేదాకా ఎండాలి. మిల్లులో మిరపకాయలు ఆడించిన వెంటనే ఇది ఆడించకూడదు.

ముందు తమిళ అక్షరాల్లో రాసుకుని, తరవాత కూడబలుక్కుంటూ తెలుగులో ఎక్కించాం. మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే ఈ వారమే అడిగి రాసుకోండి. మా తెలుగులో తప్పులుంటే మన్నించండి.