మక్కుతో అతికిన కాలు



కొండపల్లి బొమ్మను ఒకే చెక్కలో చెక్కుతారని చాలామంది అనుకుంటారు. కాదు. ఒళ్లు వేరుగా, కాళ్లూ చెవులూ వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఈ సంగతి మాకు ఈ వేసవిలో తెలిసింది.

వడ్రంగి తాతగారు మన సండేస్కూల్ పెద్దపిల్లలకు చెక్కపని నేర్పుతానంటే, మేమూ వాళ్లతోపాటు మందిరం వెనుక వేపచెట్టు కింద కూర్చున్నాం. తెల్లపొణికి చెక్క ఇచ్చారు. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, ఉలి మాట వింటుంది. ఈమధ్యే తండ్రిని పోగొట్టుకున్న అబ్బాయి ఒకడు ఎద్దును చెక్కుతానన్నాడు. అప్పులకు వాళ్ల ఎడ్లను అమ్మేశారని మనలో కొందరికి తెలుసు.

మూడు రోజులు తల ఎత్తకుండా చెక్కాడు. నాలుగో రోజు ముందుకాలు పుటుక్కున విరిగింది. చెక్కలో నార అడ్డంగా ఉంది, కాలేమో నిలువుగా ఉంది. సన్నబడేకొద్దీ అలాంటి కాలు నిలవదు. వాడు ఉలి కింద పెట్టేసి, "మా ఇంట్లో ఏదీ నిలవదు తాతా" అన్నాడు. మాలో ఎవరికీ నోట మాట రాలేదు.

తాతగారు ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. వాడి పక్కనే కూర్చుని ఇంకో ముక్క అందించారు. "కాలు విడిగా చెక్కు నాయనా. ఈసారి నార నిలువుగా ఉండేలా పట్టుకో" అన్నారు. వాడే చెక్కాడు, వాడే మక్కు పెట్టాడు. ఆరేదాకా తాతగారు ఎవరినీ ముట్టనివ్వలేదు.

ప్రియులారా, నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపాడు. అతనికిచ్చిన నేర్పులలో చెక్కపని కూడా ఉంది. మన ప్రభువును ఆయన ఊరివారు వడ్లవాడనే ఎరుగుదురు. చెక్క ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో ఆయనకు తెలుసు.

అతికిన కాలు మునుపటి కాలు కాదు. పోయిన తండ్రి మళ్లీ గుమ్మంలోకి రాడు. ఆ మాట దాచి ఎవరినీ ఓదార్చలేము. అయినా నిలబడడం సాధ్యమే, పక్కన కూర్చునేవారుంటే.

బడులు తెరిచే రోజులొచ్చాయి. మీ వీధిలో అటువంటి ఇల్లుంటే ఈ వారం వెళ్లండి. పుస్తకాల సంగతి, బియ్యం సంగతి అడగండి. ఒక్కసారి వెళ్లి ఊరుకోవద్దు. మక్కు ఆరడానికి సమయం పడుతుంది.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.