రెండా, ఆరా?

ఆగస్టు 21, 2024. శక్తినగర్

సినాప్సిస్‌కి గడువు సెప్టెంబరు 13. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పేపరుకి ఇద్దరిద్దరు కలిసి ఒక ప్రాజెక్టు. నాకు జోడీ మా క్లాసు స. సీనియర్లు రాసి వదిలేసిన లైబ్రరీ యాప్ ఉంది కదా, దాన్నే పట్టుకుందామంది. సరేనన్నాను. నాకూ వేరే ఏం తోచలేదు.

మొదటి వాక్యం రాసేశాను: ‘ఈ యాప్‌ను సంపూర్ణంగా పరీక్షించి, తప్పులు లేవని నిరూపిస్తాము.’

చదువుకుంటే ఎంత బాగుందో. అదే అనుమానంగా ఉంది.

ఆగస్టు 23

మేడం ‘సంపూర్ణంగా’ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత తిప్పారు. తిట్టలేదు. ‘సభ్యుడి పేరు గడి ఒక్కటే తీసుకో. ఎన్నాళ్లు పడుతుందో లెక్కేసుకుని రా’ అన్నారు.

లెక్కేశాను. గడిలో 20 అక్షరాలు పడతాయి. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలు 26 మాత్రమే అనుకున్నా, నిండు గడికి వచ్చే పేర్ల సంఖ్యలో 29 అంకెలున్నాయి. సెకనుకి కోటి పేర్లు కొట్టి చూసినా 63 లక్షల కోట్ల సంవత్సరాలు.

గడువు మూడు వారాలు.

కొట్టేశాను ఆ వాక్యం. ‘నిరూపిస్తాము’ కూడా పోయింది. ఇప్పుడు పేజీ తెల్లగా ఉంది.

ఆగస్టు 27

అవ్వను రాయచూరులో కంటి డాక్టరుకి చూపించాను. బస్సులో నాకు జీరో టికెట్, కర్ణాటక ఆడవాళ్లకు ఉచితం కదా. అవ్వకు డబ్బులు. ఆధార్లో ఆమెది ఇంకా ఏటవతలి తెలంగాణ చిరునామానే, మాగనూరు దిక్కు. మా ఇంట్లో ఉండబట్టి ఎన్నేళ్లయింది... ఎవరూ మార్పించలేదు.

‘ఒక్క ఏరేనాయె అడ్డం’ అంది అవ్వ. కండక్టరు నవ్వి టికెట్ చింపాడు.

నిన్ననే నోట్సులో రాసుకున్నాను, ఒకే తీరుగా నడిచే వాటిని ఒక గుంపు చేసి, గుంపుకొకటి పరీక్షిస్తే చాలని. ‘మహిళలు: ఒక గుంపు’ అని నేనైతే కళ్లు మూసుకుని రాసేదాన్ని. కండక్టరు ఆధార్ చూసి రెండు చేశాడు. ఒకే సీటు మీద కూర్చున్నాం ఇద్దరం.

సెప్టెంబరు 1

పొద్దుటి నుంచి ముసురు. నాయిన ఇక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రంలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, నిద్ర రాక నా పక్కన కూర్చున్నాడు. ‘ఏంది టెస్టింగంటే?’ చెప్పాను. మాదీ అదే పని అన్నాడు.

బాయిలరులో ట్యూబు మార్చి వెల్డింగు చేశాక వెంటనే మంట పెట్టరట. నీళ్లు నింపుతారు, ఒత్తిడి పెంచుతారు, టార్చీలు పట్టుకుని లోపలికి దూరి తడి కోసం వెతుకుతారు. ‘కొత్త వెల్డు మీద మాత్రమే చూస్తే పనికాదు. పక్క ట్యూబులు చూడాలె. మనం చెయ్యి పెట్టింది ఒకచోట, కారేది ఇంకోచోట.’

ఇది మా సిలబస్‌లో నాలుగో యూనిట్. రిగ్రెషన్ టెస్టింగ్. నాకు రెండు క్లాసులు పట్టింది అర్థమవడానికి.

1985లో మొదటి యూనిట్ నడిచింది ఇక్కడ. ఇప్పుడు ఎనిమిది, మొత్తం 1720 మెగావాట్లు. ఇన్నేళ్లూ చిమ్నీలు చూస్తూ పెరిగాను. లోపల టార్చీ పట్టుకుని తడి వెతికే మనిషి మా నాయినని ఎప్పుడూ అనుకోలేదు.

సెప్టెంబరు 5

దొరికింది. దొరికిందనే అనుకుంటున్నాను.

2018 ఫిబ్రవరి. ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ మెసేజ్ యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్లో వస్తే ఫోనే. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఆ వరసలో వస్తే చాలు. 11.2.6 అని కొత్త వెర్షన్ వదిలితే సర్దుకుంది, అదే నెల 19న.

అప్పుడు నేను బళ్లో ఉన్నాను. మా ఇంట్లో ఎవరికీ ఐఫోన్ లేదు. అవ్వ పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది.

ప్రపంచంలో ఎన్ని లక్షల పరీక్షలు చేసి వదిలి ఉంటారు ఆ ఫోన్‌ను! ‘జ్ఞా’ ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరి అవ్వ పేరూ అది కాదేమో...

సకు ఫోన్ చేశాను. పేరు గడిలో తెలుగూ కన్నడా మాత్రమే చూద్దాం, మిగతా యాప్ మనకొద్దు అన్నాను. ‘అష్టేనా?’ అంది కన్నడలో. అంతే.

సెప్టెంబరు 7. చవితి

ఉండ్రాళ్లు చుడుతూ అడిగాను: ‘అవ్వా, జ్ఞానంలో అక్షరాలెన్ని?’

అవ్వ బడికి పోలేదు. పిండి వేళ్లతోనే లెక్కపెట్టింది. ‘గ్యా. నం. రెండు.’ ఇదొక ప్రశ్ననా అన్నట్టు చూసింది.

కంప్యూటర్‌ను అడిగితే ఆరు అంటుంది. జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న. బైట్లయితే పద్దెనిమిది. నాయిన మూడన్నాడు, ఒత్తును విడిగా లెక్కపెట్టి. తర్వాత, వద్దులే రెండే అన్నాడు.

గడి మీద ‘20 అక్షరాలు’ అని రాసుంది. ఎవరి అక్షరాలు?

సెప్టెంబరు 9

ఇవాళ్టి తారీకునే, 1947లో, హార్వర్డ్‌లో మార్క్ 2 యంత్రం రిలేలో చిమ్మట పురుగు దొరికింది. లాగ్‌బుక్కులో టేపుతో అంటించి, ‘బగ్’ దొరికిందని తారీకు వేసి రాశారు. నాయినకు ఫొటో చూపిస్తే పురుగును కాదు, చేతిరాతను చూశాడు. ‘షిఫ్టు బుక్కు మంచిగ రాసిండ్రు.’

సాయంత్రం సతో పేచీ. తెలుగుకీ కన్నడకీ ఒకే పట్టిక చాలంటుంది. నిజమే, యూనికోడ్‌లో పక్కపక్క ఇళ్లే. మనది 0C7F దగ్గర అయిపోతే వాళ్లది 0C80 దగ్గర మొదలు. మన ‘క’కి హెక్స్‌లో 80 కలిపితే వాళ్ల ‘క’. అక్కడిదాకా నేనూ ఒప్పుకున్నాను.

కానీ 2023లో వచ్చిన 15.1 వెర్షన్లో, ఒత్తుతో కలిసినదాన్ని ఒకే అక్షరంగా లెక్కపెట్టాలని నియమం చేర్చారు. తెలుగు ఉంది అందులో. కన్నడ లేదు. అంటే ఆ లెక్కన జ్ఞా మనకు ఒకటి, వాళ్లకు రెండు. అదే అక్షరం, అదే నోరు.

స చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రెండు పట్టికలు వెయ్యి’ అంది. ఇంకేం అనలేదు. నేనేం గెలిచానని...

సెప్టెంబరు 12, రాత్రి

పట్టిక దాదాపు అయింది. ఖాళీ గడి, 1, 19, 20, 21. ఒత్తులున్నవి, కనబడని గుర్తున్నవి. ఇచ్చేది, రావలసింది, వచ్చింది అని మూడు నిలువు వరసలు. ‘రావలసింది’ దగ్గరే పెన్ను ఆగుతోంది ప్రతిసారీ. యాప్ తప్పో ఒప్పో తర్వాత సంగతి. ఒప్పేదో ముందు నేను రాయాలి కదా.

ఊరికే చూద్దామని యాప్‌లో అవ్వ పేరు కొట్టాను, ఇంటిపేరుతో సహా. అవ్వ లెక్కలో తొమ్మిది. యాప్ లెక్కలో ఇరవై ఒకటి.

కిక్కురుమనకుండా దాచుకుంది. తెరిచి చూస్తే చివరి ‘మ్మ’ లేదు. ‘మ్’ ఉంది, నెత్తిన పొల్లుతో.

అవ్వకు చదివి వినిపించాను, ఉన్నది ఉన్నట్టు.

‘అమ్మ యాడికి పోయిందే నా పేర్ల?’

‘రావలసింది’ కింద ‘పేరు మొత్తం’ అని రాశాను. అంకె వేయలేదు. మేడం అడిగితే ఏం చెప్పాలి?

సెప్టెంబరు 13

ఇచ్చేశాం. ఒకటిన్నర పేజీ. మొదటి వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: ‘పేరు గడి ఒక్కటే పరీక్షిస్తాము, ఏమి పరీక్షించలేదో చివర రాస్తాము.’ మేడం ఎర్ర పెన్ను మూత తీసి, అలాగే పట్టుకుని చదివారు. అంకె లేని చోట ఆగారు. ‘ఇది ఎవరి పేరు?’

మా అవ్వది మేడం అన్నాను.

పేజీ తిప్పారు.